పాత డిజిటల్ మల్టీమీటరులో మాయమైన గీతలు, ఎక్కువ చూపే రీడింగు

మీ పాత మీటరు తెరపై అంకెల గీతలు కొన్ని కనిపించడం లేదని, 5 వోల్టుల సరఫరాను 5.8గా చూపుతోందని, లోపల 40 పిన్నుల 7106 చిప్పు (వోల్టేజీని కొలిచి తెరపై అంకెలుగా చూపేది) ఉందని రాశారు. ఇవి రెండు వేర్వేరు లోపాలని నా అభిప్రాయం.

ముందుగా మీటరు బ్యాటరీని మరో మీటరుతో కొలవండి. అది 7 వోల్టుల కన్నా తగ్గితే చిప్పు రిఫరెన్సు, అంటే కొలతకు ప్రమాణంగా వాడుకునే వోల్టేజీ, కుంగి, రీడింగు దానంతట అదే పెరుగుతుంది. బ్యాటరీ బాగుంటే, కొలిచే తీగలను సాకెట్ల నుంచి తీసివేసి, వెనుక మూత విప్పి, 1, 32 పిన్నుల మధ్య దాదాపు 2.8 వోల్టులు, 36, 35 పిన్నుల మధ్య 100 మిల్లీవోల్టులు ఉన్నాయేమో చూడండి. మీరు చెప్పిన తేడాను బట్టి రెండవది ఇప్పుడు 86 మిల్లీవోల్టుల దగ్గర ఉండవచ్చు. మొదటిది సరిగా ఉండి ఇది మాత్రమే తగ్గితే, దాన్ని సరిచేసే ప్రీసెట్‌నే (స్క్రూడ్రైవరుతో తిప్పి సర్దే చిన్న రెసిస్టరు) నేను మొదట అనుమానిస్తాను. తిప్పే ముందు దాని పాత స్థానాన్ని గుర్తు పెట్టుకోండి.

గీతల విషయంలో చిప్పును నిందించడం తొందరపాటే అవుతుంది. తెరకూ బోర్డుకూ మధ్య ఉండి వాటిని విద్యుత్తుపరంగా కలిపే రబ్బరు పట్టీ అయిన జీబ్రా స్ట్రిప్పును, అది ఆనే బోర్డు గీతలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, వేలి జిడ్డు అంటకుండా తిరిగి బిగించండి. తరువాత 37వ పిన్నును 1వ పిన్నుకు క్షణకాలం కలిపితే −1888 పూర్తిగా కనిపించాలి. అప్పుడు తెరకు డీసీ అందుతుంది కనుక, నిమిషాల తరబడి అలాగే ఉంచితే తెరే పాడవుతుంది.