లైసెన్సు కీని డేటాబేసులో చేత్తో దిద్దవచ్చా?

కస్టమర్ కంప్యూటర్ మారింది, ప్రోగ్రాము పాత లైసెన్సు కీని (కొన్నవారికి ఇచ్చే అనుమతి అక్షరాలను) తీసుకోవడం లేదు, అడ్మిన్ పేజీలో ఆ కీ అక్షరాలు మార్చేస్తే సరిపోతుందా అని అడిగారు. పేజీ మార్చనిస్తుంది. అయినా మార్చకండి. నేను ఒకసారి మార్చి చీవాట్లు తిన్నాను.

మేము భీమవరంలో ఉంటూ రైసు మిల్లులకు, రొయ్యల మేత దుకాణాలకు బిల్లింగు సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. దాళ్వా ధాన్యం వస్తున్న రోజుల్లో మండపేట వైపు మిల్లు నుంచి ఫోను. మదర్‌బోర్డు కాలిపోతే కొత్తది వేయించారు. ప్రోగ్రామేమో ఈ కీ వేరే యంత్రంలో ఉందంటోంది. "కాటా దగ్గర లారీలు ఆగిపోయాయండి, ఏదో ఒకటి చేయండి" అన్నారు గుమాస్తా గారు. కంగారులో డేటాబేసు తెరిచి, పాత కీ ఉన్న గడిలోనే కొత్త కీ అతికించాను. రెండు నిమిషాల్లో పని అయిపోయింది, నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు ఉదయం ప్రోగ్రాము సర్వరుతో సరిచూసుకుని డెమోలోకి, అంటే కొనకముందు చూసుకునే పరిమిత రూపంలోకి, జారిపోయింది. కారణం చిన్నదే. యాక్టివేషన్ల పట్టిక, అంటే ఏ కీ ఏ యంత్రంలో నడుస్తోందో రాసుకునేది, వేరు, అందులో ఇంకా పాత కీయే ఉంది. రెన్యువల్ తేదీ కూడా దాన్నే పట్టుకుని ఉంది. మేము కీని కేవలం విలువగా కాక, పట్టికలో ఆ కస్టమర్ వరుసను గుర్తుపట్టే పేరుగా కూడా వాడుకున్నాం. పేరు ఒకచోటే మారిస్తే మిగతావన్నీ అనాథలయ్యాయి. గుమాస్తా గారు మధ్యాహ్నం దాకా చేత్తో బిల్లులు రాశారు.

మీ కీలు డిజిటల్ సంతకంతో (కీ అసలైనదేనని ప్రోగ్రాము లెక్కకట్టి సరిచూసుకునే ముద్రతో) తయారయ్యేవైతే దిద్దడమన్న మాటే లేదు. ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోదు, ప్రోగ్రాము తిప్పికొడుతుంది.

మీకు కావలసింది నిజానికి కీ మార్పు కాదు. పాత యంత్రం యాక్టివేషన్‌ను తొలగించండి, అదే కీ కొత్తదానిలో పనిచేస్తుంది. ఆ సౌకర్యం లేకపోతే అనుమతించే యంత్రాల సంఖ్యను ఒకటి పెంచండి. కీ బయటికి పొక్కిందన్న అనుమానం ఉంటే మాత్రం దాన్ని రద్దు చేసి కొత్తది ఇవ్వండి. పాత వరుసను చెరిపేయకుండా, ఎందుకు రద్దు చేశారో పక్కన రాసి ఉంచండి. ఏడాది తర్వాత ఆ కస్టమరే పాత కాగితం పట్టుకుని ఫోను చేస్తారు.

చేత్తో దిద్దవలసిన సందర్భం ఒకటుంది. వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ మీరు అమ్ముతూ, వాళ్లిచ్చిన కీని రికార్డు కోసం రాసుకున్నప్పుడు. అక్కడ అది ఉత్త అక్షరాలే, తప్పు పడితే సరిచేయాల్సిందే. ఆ తప్పులు ఎక్కువగా ఎక్సెల్ దగ్గరే పుడతాయి. అది సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది. 16 అంకెల కీని మామూలుగా అతికిస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోండి. వాట్సాప్ నుంచి కాపీ చేస్తే చివర ఖాళీ చేరిందేమో చూడండి, అది కంటికి కనపడదు. విండోస్ 25 అక్షరాల కీలో సున్నా, ఓ అక్షరం రెండూ ఉండవు. కనిపించాయంటే ఎవరో డి‌నో క్యూనో తప్పు చదివారన్నమాట.

ఏది దిద్దినా ముందు ఆ వరుస నకలు తీసి పెట్టుకోండి. మీ కీలకు సంతకం ఉందో లేదో ఇక్కడ రాస్తే, యాక్టివేషన్ ఎలా తీయాలో చెబుతాను.