లైప్‌జిగ్ పోతున్న మేనకోడలికి

బిడ్డా,

జనం తగ్గిపోయే ఊళ్ల ప్లానింగ్ చదవడానికి జర్మనీ పోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఊరు పెరిగితే లేఅవుట్లు గీయడమే మాకు తెలుసు, తగ్గితే ఏం చేయాలో మాకెవరూ నేర్పలేదు. అందుకే గర్వంగా ఉంది. టెన్షన్ కూడా ఉంది, నువ్వు పాలమూరు చలికే ఓర్వవు. మఫ్లర్ పెట్టుకో. సర్టిఫికెట్లు రెండేసి జిరాక్స్ తీయించు.

ఇక అసలు సంగతి. ఎనభైల్లో, కరువు రోజుల్లో, మన జిల్లాలోనే ఒక చిన్న మున్సిపాలిటీలో టేపు పట్టుకుని తిరిగేవాణ్ణి. ఏ వీధి నల్లా ఉంచాలి, ఏది మూయాలి అని ఇంటింటి లెక్క రాయమన్నారు. ఎండకు ఓర్వలేక తాళం కనబడ్డ ప్రతి ఇంటికీ 'ఖాళీ' అని రాసేశాను. ఒక వాడలో ముప్పై ఆరు ఇళ్లకు ఇరవై తొమ్మిది తాళాలు. నా లెక్క చూసి అక్కడి నల్లా మూసేశారు. అరుగు మీది ముసలమ్మను అడిగినా చెప్పేది, అందరూ బొంబాయికి మట్టి పనికి పోయారని. బుద్ధి లేక అడగలేదు.

తొలకరికి ముందు మూటలతో, పిల్లలతో దిగారు. నల్లా తిప్పితే గాలి. చంకలో పిల్లలు, నెత్తిన బిందెలతో ఆడవాళ్లు కిలోమీటరు నడిచారు. అందులో ఒకామె నన్ను గుర్తుపట్టింది. తిట్టినా బాగుండేది. "సారూ, తాళమెందుకేసినమనుకున్నవ్? మళ్లొస్తమనే గద" అన్నది. ఆ నల్లా మళ్లీ తెరిపించడానికి ఏడు నెలలు ఫైలు వెంట తిరిగాను.

నువ్వు పోయే చోట లెక్క వేరని తెలుసు. 1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పు వైపు ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, ఊళ్లు విడిచి పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. 2002లో మొదలైన పథకం కింద తూర్పున లక్షల ఫ్లాట్లు కూల్చారు. వాడకం తగ్గితే పైపుల్లో నీళ్లు నిలిచి పాడవుతాయి, ఖర్చు మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. కాదనను. కానీ లైప్‌జిగ్‌నే చూడు, దాదాపు లక్షమందిని పోగొట్టుకున్న ఊరు ఇప్పుడు 6 లక్షలు దాటింది. అక్కడ 2004 తర్వాత 'కాపలా ఇళ్లు' వచ్చాయట కదా, పాడుబడే ఇంట్లో అద్దె లేకుండా ఉత్త ఖర్చులకే మనుషుల్ని ఉండనిచ్చి ఇల్లు నిలబెట్టుకునేవి. ముందు వాటిని చూసి నాకు రాయి.

ఊళ్లో మీ అమ్మ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉంది. శనివారం శనివారం తీసి ఊడుస్తున్నా. కరెంటు బిల్లు నేనే కడుతున్నా. మీటర్ పీకుతామని వచ్చినవాణ్ణి అరుగు మీదే కూర్చోబెట్టి చాయ్ తాగించి పంపాను.

మీ మామ