టన్నులు చూసి మోసపోకు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మనం పీల్చే గాలిలో హాని చేసే ఓజోన్‌ను తగ్గించేందుకు నువ్వు పంపిన వీవోసీల (తేలిగ్గా ఆవిరై గాలిలో కలిసే కార్బన్ రసాయనాల) పట్టిక మొత్తం చూశాను. శ్రమ కనిపిస్తోంది. కానీ టన్నుల ప్రకారం పెద్దదాన్నుంచి చిన్నదానికి పేర్చావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అచ్చం అలాగే పేర్చి, పై వరుసలో ఉన్నదాన్ని తగ్గించమని ఒక యూనిట్‌కు రాసి చేతులు దులుపుకున్నాను. ఆ యూనిట్ వాళ్లు చెప్పినట్టే చేశారు. కాగితం మీద టన్నులు పడిపోయాయి, ఓజోన్ మాత్రం కదల్లేదు. తీరా ఆరా తీస్తే వాళ్లు మానేసింది ఎసిటోన్, దాని బదులు కాస్త తక్కువ మోతాదులో తెచ్చుకున్నది జైలీన్ కలిసిన థిన్నర్.

ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు, గాలిలోనే తయారవుతుందని నీకు తెలుసు. ఎలాగో ఇంకోసారి నెమ్మదిగా చూడు. ఎండకు నైట్రోజన్ డయాక్సైడ్ విడిపోయి ఒక ఆక్సిజన్ పరమాణువు బయటపడుతుంది. అది ఆక్సిజన్ అణువుతో కలిస్తే ఓజోన్. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఊరుకోదు, ఆ ఓజోన్‌నే తినేసి మళ్లీ డయాక్సైడ్ అయిపోతుంది. అంటే ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవడమే. వీవోసీ మధ్యలో దూరితే ఈ లెక్క తప్పుతుంది. గాలిలో ఉండే హైడ్రాక్సిల్ రాడికల్ (రాడికల్ అంటే దేనితోనైనా ఇట్టే చర్యకు దిగే అణుశకలం) వీవోసీ మీద పడితే పెరాక్సీ రాడికల్ పుడుతుంది. అది ఓజోన్ జోలికి పోకుండానే నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. తినేవాడు తగ్గాడు కనక ఓజోన్ పోగుపడుతుంది. కాబట్టి ఎన్ని టన్నులు అన్నదొక్కటే అడిగితే చాలదు. అది ఎంత త్వరగా చర్యకు దిగుతుంది, దిగాక ఎన్ని రాడికల్స్‌ను పుట్టిస్తుంది అన్నదీ అడగాలి.

దీన్ని అంకెల్లోకి తెచ్చినవాడు కాలిఫోర్నియాలో పనిచేసిన విలియం కార్టర్. ఆయన స్కేలును ఎంఐఆర్ (మాక్సిమమ్ ఇంక్రిమెంటల్ రియాక్టివిటీ) అంటారు. ఒక గ్రాము వీవోసీ అదనంగా కలిస్తే అత్యధికంగా ఎన్ని గ్రాముల ఓజోన్ పెరుగుతుందో అది చెబుతుంది. ఈథేన్ 0.28, ఎసిటోన్ 0.36, బెంజీన్ 0.72, టాల్యూయీన్ 4, ఎథిలీన్ 9, ప్రొపిలీన్ 11.66. ఇప్పుడు నీ పట్టికలో ఒక్క వరుస చేసి చూడు. వంద కిలోల ఎసిటోన్ 36 కిలోల ఓజోన్‌కు సమానం. జైలీన్ మూడు రకాల్లో ఒకటైన మెటా జైలీన్ (9.75) పది కిలోలు దాదాపు 98 కిలోలకు సమానం. పదో వంతు బరువున్నది రెండున్నర రెట్లు పైన కూర్చుంది! స్ప్రే పెయింట్ల విషయంలో కాలిఫోర్నియా 2000లో బరువు పరిమితిని వదిలి ఈ లెక్కకు మారింది. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ దేశమంతటికీ అలాంటి నిబంధనే పెట్టింది. ఎసిటోన్‌నైతే 1995లోనే నియంత్రించాల్సిన వీవోసీల లెక్కలోంచి తీసేసింది.

అయితే ఎంఐఆర్‌ను గుడ్డిగా నమ్మకు. వీవోసీల ప్రభావం బాగా కనిపించేలా నైట్రోజన్ ఆక్సైడ్లను (పైన చెప్పిన నైట్రిక్ ఆక్సైడ్, డయాక్సైడ్‌లను) సరిచేసి కట్టిన లెక్క అది. ఆ ఆక్సైడ్లే తక్కువగా ఉన్నచోట వీవోసీలను ఎంత తగ్గించినా ఓజోన్ పెద్దగా దిగదు, అక్కడ తగ్గించాల్సింది ఆక్సైడ్లనే. ఆక్సైడ్లు దండిగా ఉండే నగర కేంద్రంలో దీనికి రివర్స్: వాటిని కొద్దిగా తగ్గిస్తే ఓజోన్ పెరిగినా పెరగొచ్చు. ముందు నీ ప్రాంతం ఏ కోవలోదో తేల్చుకుని, ఆ తర్వాతే వీవోసీల వరుస మార్చు.

ఇంకోటి. నీ పట్టికలో ఎథిలీన్, ప్రొపిలీన్ అంకెలు మరీ చిన్నవిగా ఉన్నాయి, నాకు అనుమానమే. 2000 వేసవిలో హ్యూస్టన్ మీద విమానాలతో గాలిని కొలిస్తే, పెట్రోకెమికల్ ప్లాంట్లు చెప్పుకున్న దానికన్నా ఈ రెండూ ఎన్నో రెట్లు ఎక్కువగా తేలాయి. ఆ తర్వాత టెక్సాస్ వీటికి బ్యుటీన్లనూ, బ్యుటాడైయీన్‌నూ చేర్చి ప్రత్యేక నిబంధనలు పెట్టింది. వాల్వుల లీకులు, ఫ్లేర్లు (మిగులు వాయువును తగలబెట్టే గొట్టాలు), కూలింగ్ టవర్లు, వీటి అంకెలు విడివిడిగా అడుగు. ‘మొత్తం హైడ్రోకార్బన్లు’ అని ఒకే అంకె ఇస్తే తీసుకోకు.

బెంజీన్ కిందికి దిగిపోయిందని దాన్ని వదిలేయకు. ఓజోన్ లెక్కలో అది బుద్ధిమంతురాలే, కానీ క్యాన్సర్ తెస్తుంది. విషపదార్థాల కాలమ్ వేరే పెట్టుకో. చెట్లు వదిలే ఐసొప్రీన్‌కు కూడా ఒక వరుస ఉండాలి. దాన్ని మనం ఆపలేం కానీ దాని ఎంఐఆర్ పదికి పైనే, అది లేకుండా లెక్క తేలదు.

ఈసారి పంపేటప్పుడు జైలీన్‌ను మూడుగా విడగొట్టు. ఆర్థోది 7.64, పారాది 5.84, అన్నిటికీ మెటా అంకె వేసేశావు.

పెదనాన్న