పక్షవాతం తర్వాత నడుస్తున్నా తూలిపోతున్నారా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. మూడు నెలల క్రితం ఎడమవైపు పక్షవాతం వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు కానీ, పక్కకు తిరిగేటప్పుడు తూలుతున్నారు. ఫిజియోథెరపీ మాని నూనె మర్దనా చేయిస్తే చాలని బంధువులు అంటున్నారు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నడిపించవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ నాన్నగారి కాలికి కొంత బలం తిరిగి వచ్చింది గానీ, నిలకడ ఇంకా రాలేదు. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకు కాబట్టి, మర్దనాతో బిగుసుకున్న కండరాలకు కాస్త హాయి కలగవచ్చేమో గానీ నిలకడ రాదు. ఒకే కదలికను పదేపదే సాధన చేయించినప్పుడే మెదడులోని ఆరోగ్యకరమైన భాగాలు ఆ పనిని క్రమంగా అందుకుంటాయి. తొలి ఆరు నెలల్లో ఈ మార్పు చురుగ్గా సాగుతుంది కనుక ఇప్పుడు ఫిజియోథెరపీ మానవద్దు.

తిరిగేటప్పుడు బరువంతా క్షణకాలం బలహీనమైన కాలిపై పడుతుంది. అందువల్ల ఒక్కసారిగా కాకుండా, చిన్న చిన్న అడుగులతో తిరగమనండి. కర్ర కుడిచేతిలోనే ఉండాలి. మరో విషయం గమనించండి: గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగులుతోందా, కంచంలో ఎడమవైపు అన్నం అలాగే మిగిలిపోతోందా? అలాగైతే ఎడమవైపు ధ్యాస తగ్గిందని అనుమానించాలి. దీన్ని ఇంట్లోవాళ్లు తరచూ పరధ్యానమని కొట్టిపారేస్తుంటారు. ఎడమ కాలి చెప్పు జారిపోతున్నా, వేళ్లు నేలకు రాసుకుంటున్నా పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ అవసరం కావచ్చు. ఈ రెండూ థెరపిస్టుకు తప్పక చెప్పండి.

ఇంట్లో చేయించదగినది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. గట్టి కుర్చీని గోడకు ఆనించి, పాదాలను మోకాళ్ల కంటే కొద్దిగా వెనక్కి పెట్టించి, ముందుకు వంగి నెమ్మదిగా లేవమనండి. చాలామంది కుడికాలి మీదే బరువంతా మోపి లేస్తారు. రెండు కాళ్లపైనా సమంగా పడేలా చూడాలి. మీరు ఎడమవైపు నిలబడి నడుము దగ్గర పట్టుకోండి. ఎడమచేయి పట్టి లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది. రోజూ ప్రయాణం కష్టమైతే, విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఫిజియోథెరపీ విభాగంలోనో, మీకు దగ్గరలోని థెరపిస్టు వద్దనో వ్యాయామాలు నేర్చుకుని, మధ్యమధ్యలో చూపించుకుంటూ ఇంట్లో కొనసాగించవచ్చు.

లేవగానే కళ్లు తిరుగుతుంటే పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూపించండి; మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. తూలు ఉన్నట్టుండి ఎక్కువైనా, మాట తడబడినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇసుకలో నడక ఇప్పుడే వద్దు. పాదం దిగబడే చోట ఆరోగ్యవంతులకే అడుగు కుదరదు. ముందు ఇంట్లో గట్టి నేల మీద, తర్వాత థెరపిస్టు సరేనన్నాక తోడుతో బీచ్ రోడ్డు కాలిబాట మీద నడిపించండి.