1/72 టీ-34 మోడల్: ట్రాక్ బిగుతుగా, రంగు నల్లగా ఎందుకు కనిపిస్తాయి?

1942 నాటి సోవియట్ టీ-34 ట్యాంకును 1/72 స్కేల్‌లో, అంటే అసలు పరిమాణంలో 72వ వంతుగా, కడుతున్నారనీ, కిట్‌లోని సూచనలన్నీ పాటించినా అది ఆటబొమ్మలాగే కనిపిస్తోందనీ, వినైల్ ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా) చక్రాల మీద రబ్బరు బ్యాండులా బిగుసుకుపోయిందనీ, ఆకుపచ్చ రంగు దాదాపు నల్లగా ఉందనీ మీరు రాశారు. ఇదే ట్యాంకును ఇదే స్కేల్‌లో నేను నాలుగుసార్లు కట్టాను. మొదటి రెండింటిలో సరిగ్గా ఈ రెండు లోపాలే వచ్చాయి. వీటిలో ముందు సరిచేయవలసింది ట్రాక్. అది కుదరకపోతే ఎంత మంచి రంగు వేసినా మోడల్‌లో అసలు ట్యాంకు బరువు కనిపించదు.

టీ-34 సస్పెన్షన్‌కు మూలం అమెరికన్ ఇంజనీరు వాల్టర్ క్రిస్టీ రూపకల్పన. సోవియట్ ప్రభుత్వం 1930లో ఆయన ట్యాంకులను కొని, వాటి ఆధారంగా బీటీ అనే ట్యాంకుల శ్రేణిని తయారుచేసింది. ఆ శ్రేణికి వారసురాలే టీ-34. జర్మన్ పాంజర్-3, పాంజర్-4 ట్యాంకులలో ట్రాక్ పైభాగాన్ని మోయడానికి చిన్న రోలర్లు విడిగా ఉంటాయి. టీ-34లో అవి లేవు. అందువల్ల పైన నడిచే ట్రాక్ తన బరువుతో నేరుగా ఐదు పెద్ద చక్రాల మీదే వాలుతుంది, చక్రానికీ చక్రానికీ మధ్య కొద్దిగా కిందికి జారుతుంది. రెండో, మూడో చక్రాల మధ్య ఎడం మిగతావాటికంటే ఎక్కువ కాబట్టి ఆ వంపు అక్కడ మరింత స్పష్టంగా తెలుస్తుంది. యుద్ధకాలపు ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని మీ మోడల్‌ను పక్కనుంచి చూడండి. తేడా వెంటనే కంటబడుతుంది.

వినైల్ ట్రాక్‌ను దారికి తేవడానికి నేను వాడే పద్ధతి ఇది. చక్రాల మధ్య ఖాళీలు ఉన్నచోట, ట్రాక్ ఉండవలసిన ఎత్తుకు కాస్త పైన, హల్ (ట్యాంకు ప్రధాన శరీరం) పక్కగోడకు సన్నని రంధ్రాలు వేసి, సుమారు 5 మి.మీ. పొడవున్న ఇత్తడి తీగ ముక్కలను సూపర్ గ్లూతో బిగించి, ట్రాక్‌ను వాటి కిందుగా పోనిస్తాను. అసలు ట్రాక్ వెడల్పు 500 మి.మీ., అంటే ఈ స్కేల్‌లో దాదాపు 7 మి.మీ.; కనుక తీగ బయటికి కనబడదు. వంపు మాత్రం అతి కాకూడదు. నా రెండో మోడల్‌లో బిగుతును సరిచేయబోయి దాన్ని ఉయ్యాలలా వేలాడదీశాను, అది బిగుతు ట్రాక్ కన్నా అసహజంగా ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని వినైల్ ట్రాకులలోని మెత్తదనాన్నిచ్చే రసాయనం కాలక్రమేణా పాలిస్టైరీన్‌ను, అంటే కిట్ ప్లాస్టిక్‌ను, కరిగిస్తుంది. నా మొదటి మోడల్ చక్రాలు రెండేళ్లకే ట్రాక్ తాకినచోట మెత్తబడి గుంటలు పడ్డాయి. అందుకే తరువాతి రెండింటికీ ముక్కలుగా వచ్చే గట్టి ప్లాస్టిక్ ట్రాక్ ఉన్న కిట్లనే ఎంచుకున్నాను. ఆ ముక్కలను ప్లాస్టిక్ అతికించే ద్రవ సిమెంటుతో వరుసగా అతికించి, అరగంట తరువాత, ఇంకా వంగే దశలో ఉండగానే చక్రాల చుట్టూ చుట్టి, ఫెండరుకూ (ట్రాక్ పైనుండే మడ్‌గార్డు) ట్రాక్‌కూ మధ్య దూది కూరి మరునాటిదాకా వదిలేస్తే వంపు దానంతట అదే కుదురుతుంది. టీ-34 ట్రాక్‌లో లోపలివైపు పొడుచుకువచ్చే గైడ్ పన్ను ఒక లింకు విడిచి ఒక లింకుకు ఉంటుంది, వెనుక ఉన్న డ్రైవ్ చక్రపు రోలర్లు ఆ పళ్లనే పట్టుకుని తిప్పుతాయి. కాబట్టి ముక్కలు కలిపేచోట ఆ క్రమం తప్పకుండా చూసుకోండి.

చక్రాలు అతికించే ముందు మీ ట్యాంకు ఏ కర్మాగారానిదో నిర్ణయించుకోవాలి. రబ్బరు కొరత వల్ల స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ కర్మాగారం బయటి అంచుకు రబ్బరు లేని ఉక్కు చక్రాలను బిగించింది. ఆ కాలంలోనే మొదటి, ఐదో చక్రాలకు రబ్బరు, మధ్య మూడింటికి ఉక్కు ఉన్న ట్యాంకులు కూడా కనిపిస్తాయి. 1942 ఆగస్టు 23న జర్మన్ దళాలు నగరం ఉత్తరపు అంచుకు చేరాక కూడా ఆ కర్మాగారం కార్మికులు ట్యాంకులను సిద్ధం చేసి నేరుగా పోరుకు పంపారు. ఆ సంగతి తెలిశాక, 82 మి.మీ. పొడవున్న ఈ హల్ మీద గరుకు వెల్డింగు గీతలను ఉప్పుకాగితంతో నునుపు చేయడానికి నాకు చేతులు రాలేదు. మీరూ వాటిని ఉంచేయండి.

ఇక రంగు. అసలు ట్యాంకులకు వేసిన 4బీఓ ఆకుపచ్చను సీసాలోంచి తీసి యథాతథంగా ఇంత చిన్న వస్తువుకు వేస్తే, గదిలోని వెలుతురులో అది ముదురుగానే కనిపిస్తుంది. దాన్ని తేలిక చేయడానికి తెలుపు కలపకండి, రంగు పాలిపోతుంది. నేను మూడు పాళ్ల ఆకుపచ్చకు ఒక పాలు ఇసుక పసుపు కలిపి, పలుచని పూతలుగా వేస్తాను. తరువాత గోధుమరంగు ఆయిల్ పెయింటును బాగా పలుచన చేసి, హల్ అంతటా పులమకుండా కీళ్లలోకీ బోల్టుల చుట్టూ మాత్రమే సన్నని కుంచెతో తాకిస్తాను. నల్లదనంలో సగం వాష్ అనే ఈ పలుచని రంగును అంతటా పూయడం వల్లే వస్తుంది. మాది విశాఖపట్నం, వానాకాలంలో మ్యాట్ వార్నిష్ స్ప్రే చేసినప్పుడు తేమకు మోడలంతా తెల్లటి పొర కట్టింది. మీరు కూడా తీరప్రాంతంలో ఉంటే ఆ ఒక్క పనికి పొడి రోజు కోసం ఆగండి.

మీ మోడల్‌కు రంగు ఇప్పటికే వేసేశారు కాబట్టి దాన్ని తీసేయనవసరం లేదు. పైన చెప్పిన లేత మిశ్రమాన్ని మరింత పలుచన చేసి టరెట్ (ఫిరంగి ఉన్న, తిరిగే పైభాగం) పైకప్పు, ఇంజన్ డెక్, ముందు వాలు పలక వంటి వెలుతురు పడే చోట్ల మధ్యభాగంలో రెండుమూడు పూతలు వేసి, అంచులను ముదురుగానే వదిలేయండి. ట్రాక్‌ను మాత్రం విప్పి, తీగలు బిగించి మళ్లీ ఎక్కించండి.