పరీక్షలకు పోయే ముందు, బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీ కడుపునొప్పికి డాక్టర్ ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి సన్నటి ట్యూబు వేసి కడుపు లోపల చూసే పరీక్ష, రాశారని, నువ్వు పోనంటే పోనని మొండికేశావని, రాత్రుళ్లు నిద్ర మానుకుని ఫోన్లో క్యాన్సర్ లక్షణాలు చదువుతున్నావని చెప్పి ఏడ్చింది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. సర్కారు దవాఖాన ల్యాబులో ఏళ్ల తరబడి రక్తం తీసి, రిపోర్టులు రాసి రిటైరైనదాన్ని. పరీక్షకు వచ్చిన మనిషి సూదికి భయపడడం తక్కువ, రిపోర్టు కవరు చేతికందేటప్పుడు భయపడడం ఎక్కువ. నీదీ అదే భయమని నాకు తెలుసు.

ముందు నీ నొప్పి సంగతి. స్కాన్ నార్మల్ అని రాగానే ఇంట్లో అందరూ "ఏం లేదట, ఊరికే టెన్షన్" అన్నారట. ఆ మాట మనసులో పెట్టుకోకు. అల్ట్రాసౌండ్ చూపించేది లోపలి అవయవాల ఆకారాన్ని. పిత్తాశయంలో రాళ్లున్నాయా, కిడ్నీ ఉబ్బిందా, అండాశయంలో గడ్డ ఉందా అన్నది అందులో తెలుస్తుంది. కడుపు లోపలి పొర మీద పుండు ఉంటే సాధారణంగా అందులో కనిపించదు. పేగు ఎట్లా కదులుతోందో, దాని నరాలు ఎంత సున్నితమయ్యాయో అసలే కనిపించదు. మన జీర్ణాశయం గోడల్లో కోట్ల కొద్దీ నరకణాలున్నాయి. అవీ మెదడూ రోజంతా ఒకదానికొకటి కబురు పంపుకుంటూనే ఉంటాయి. వాంతులు, విరేచనాలు పట్టి తగ్గిన తర్వాత కొందరికి ఆ నరాలు వెంటనే కుదుటపడవు. మామూలుగా గ్యాస్ కదిలినా నొప్పి అని మెదడుకు చెబుతాయి. పైకడుపులో అయితే ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు, పేగుల్లో వచ్చి విరేచనంతో ముడిపడి ఉంటే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారు. వీటికి పేర్లున్నాయి, మందులున్నాయి. టెన్షన్ పడితే ఈ నొప్పి పెరిగే మాట నిజమే, అంతమాత్రాన నొప్పి అబద్ధం అయిపోదు.

ఇప్పుడు నిజాయితీగా నిన్ను నువ్వు అడుగు. తిండి తగ్గించకుండానే బరువు తగ్గుతున్నావా? విరేచనం తారులా నల్లగా పోతోందా, రక్తం పడుతోందా? నొప్పికి అర్ధరాత్రి మెలకువ వస్తోందా? ముద్ద గొంతు దిగడం కష్టంగా ఉందా? సాయంత్రమైతే సన్నగా జ్వరం వస్తోందా? మన దేశంలో కడుపులో టీబీ కూడా ఉంటుంది, దానికి సర్కారు మందులు ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా వాడితే నయమవుతుంది. నేనడిగిన ఈ లక్షణాల్లో ఏ ఒక్కటున్నా ఈ వారంలోనే డాక్టర్‌కు చెప్పాలి. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జారి, నడిస్తే పోటు పెట్టే నొప్పికి, కడుపు చెక్కలా బిగుసుకుపోతే, నెల తప్పి పొత్తికడుపులో నొప్పి వచ్చి కళ్లు తిరిగితే మాత్రం పొద్దున దాకా ఆగొద్దు. 108 కి ఫోన్ చేసెయ్యి. మీ నాన్నకు కూడా ఒక మాట చెప్పు. ఆయన వయసు వాళ్లకు ఛాతీ కింద మంట వచ్చి చెమటలు పడితే గ్యాస్ గోలీ మింగి పడుకోకూడదు, ముందు ఈసీజీ తీయించుకోవాలి.

మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నీకు ఇవేవీ లేవు. తిన్నాక పైకడుపులో మంట, బరువు. మరి ఎండోస్కోపీ ఎందుకు రాశారంటావా? నెలసరి నొప్పికని మెడికల్ షాపులో కొని డిగ్రీ రోజుల నుంచి నువ్వు వేసుకుంటున్న నొప్పి గోలీల సంగతి డాక్టర్‌కు చెప్పావా? చెప్పకపోతే ఈసారి తప్పకుండా చెప్పు. అట్లాంటి గోలీలు చాలావరకు కడుపు లోపలి పొరను దెబ్బతీసి పుండు చేయొచ్చు. రెండో కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. కడుపులో పుండ్లు కారం వల్ల, కోపతాపాల వల్ల వస్తాయని లోకమంతా అనుకుంటున్న రోజుల్లో, 1982 లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 2005 లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అది ఉందని తేలితే యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే గోలీలు కలిపి సాధారణంగా రెండు వారాలు వాడిస్తారు. అంటే ఈ పరీక్షలో నీకు దొరికే అవకాశం ఎక్కువున్నవి నయమయ్యేవే.

ఏ పరీక్ష రాసినా కుర్చీలోంచి లేచే ముందు డాక్టర్‌ను అడుగు: "సార్, ఇందులో ఏం వెతుకుతున్నారు? అది ఉంటే ఏం చేస్తారు, లేకపోతే ఏం చేస్తారు?" రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ పరీక్ష ఇప్పుడే అవసరమా అని కూడా అడగొచ్చు. నీ మనసులో ఉన్న మాటను నోరు తెరిచి చెప్పు. "నాకు క్యాన్సరేమోనని భయంగా ఉంది" అను. సిగ్గుపడకు. ఆ మాట చెబితేనే ఆయన ఎందుకు కాదనుకుంటున్నారో వివరంగా చెప్పగలరు. చెప్పకపోతే "ఏం లేదమ్మా" అని పంపిస్తారు, నువ్వు ఇంటికొచ్చి మళ్లీ ఫోన్ తెరుస్తావు.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ చేయించుకుంటానన్నావట. వద్దు బిడ్డా. ఇది ల్యాబులో పనిచేసినదానిగా చెబుతున్నాను. రిపోర్టులో పక్కన రాసే నార్మల్ అంకెలను చాలావరకు ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో 95 మందికి సరిపోయేలా పెడతారు. మిగతా అయిదుగురూ ఆరోగ్యవంతులే, కానీ వాళ్ల అంకె బయట పడుతుంది. ఒకేసారి 20 పరీక్షలు చేయించుకుంటే ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా ఒకటి పైకో కిందికో రావడం మామూలే. మిషన్ దానికి నల్లగా లావు అక్షరం కొడుతుంది, అంతే. అది చూసి నీకు మూడు రాత్రులు నిద్ర ఉండదు. ఆ ప్యాకేజీల్లో ట్యూమర్ మార్కర్లని, అంటే క్యాన్సర్ గుర్తుల కోసం చూసే రక్తపరీక్షలని, కలుపుతారు. వాటిలో సీఏ 125 అనేది నెలసరి సమయంలోనూ పెరగొచ్చు. కారణం లేకుండా చూడాల్సిన పరీక్ష కాదు అది. స్కాన్‌లో కూడా గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (కాలేయంలో కాస్త కొవ్వు) అనో, కిడ్నీలో చిన్న నీటి బుడగ అనో రాస్తే అదే నీ నొప్పికి కారణమని అనుకోకు. డాక్టర్‌ను అడుగు.

టైఫాయిడ్ కోసం చేసే విడాల్ అనే రక్తపరీక్ష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నీకు ఒకసారి దాన్ని చూసే టైఫాయిడ్ అన్నారు. మన వైపు టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఎప్పుడో వచ్చి పోయినా, టీకా వేయించుకున్నా రక్తంలో ఆ గుర్తు మిగిలి ఉండొచ్చు. జ్వరమే లేని మనిషికి ఒక్క విడాల్ చూసి టైఫాయిడ్ అనడం సరికాదు. గట్టిగా తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఉన్న సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. కడుపునొప్పి అనగానే విడాల్ రాసి, సెలైన్ ఎక్కించి పంపే చోటికి మళ్లీ పోవద్దు.

ఇక ఎండోస్కోపీ. ఊపిరి ఆడదేమో అన్నావట. ట్యూబు పోయేది అన్నవాహికలోకి, గాలి పీల్చే దారి తెరిచే ఉంటుంది. ముందు రాత్రి తేలిగ్గా, పెందలాడే తినేసెయ్యి. పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. నీళ్లు ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు. రోజూ మింగే గోలీలుంటే ముందే చెప్పు. హెచ్ పైలోరీ కూడా చూడాలంటే గ్యాస్ గోలీలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు ఆపి ఉండాలి, లేకపోతే ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుంది. అయితే సొంతంగా ఆపకు, డాక్టర్‌ను అడిగి ఆపు.

గదిలోకి పోగానే గొంతులో చేదు మందు స్ప్రే చేస్తారు. నాలుక, గొంతు మొద్దుబారి, లాలాజలం మింగలేనట్టు అనిపిస్తుంది. అక్కడే చాలామంది బెదిరిపోతారు. అది మందు పని, కాసేపటికి పోతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ట్యూబు గొంతు దగ్గరికి వచ్చినప్పుడు వాంతి వచ్చినట్టవుతుంది. ఇదంతా కొన్ని క్షణాలే. అప్పుడు మింగడానికి ప్రయత్నించకుండా చొంగను బయటికి కారనివ్వు, సిగ్గుపడకు, కింద టవల్ వేస్తారు. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదులు. లోపల గాలి ఊదుతారు కాబట్టి కడుపు ఉబ్బుతుంది, తేన్పులొస్తాయి. మొత్తం పది నిమిషాల లోపే అయిపోతుంది. మత్తు ఇంజెక్షన్ కావాలంటే అడగొచ్చు. అది తీసుకుంటే ఆ రోజు స్కూటీ నడపకూడదు, తోడు ఒకరు ఉండాలి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపామంటే క్యాన్సర్ అనుమానమని గుండె బాదుకోకు. ఆ ముక్కను పసుపు రంగు జిగురులాంటి పదార్థంలో పెడతారు, హెచ్ పైలోరీ ఉంటే అది గులాబీ రంగుకు మారుతుంది. నీళ్లైనా, బువ్వైనా గొంతు మొద్దు విడిచాకే.

అప్పటిదాకా ఒక చిన్న నోటుబుక్ పెట్టుకో. పేజీకి ఒక రోజు. ఎన్ని గంటలకు నొప్పి వచ్చింది, ఎక్కడ, ఎంతసేపు, పదికి ఎంత, అంతకు ముందు ఏం తిన్నావు, విరేచనానికి పోతే తగ్గిందా, రాత్రి ఎంత నిద్రపోయావు, నెలసరి ఎన్నో రోజు. "మంగళవారం, మధ్యాహ్నం 2, బొడ్డు పైన, అరగంట, 5. పచ్చిమిరపకాయ తొక్కుతో రొట్టె, ఖాళీ కడుపున రెండుసార్లు చాయ్. క్లాసులో నిలబడ్డాను." ఇట్లా రాస్తే చాలు. నొప్పి నెలనెలా అవే రోజుల్లో ఎక్కువవుతుంటే ఆ పేజీలు గైనకాలజిస్టుకు చూపించాలి. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు, ఉన్నా మామూలు స్కాన్ నార్మల్ రావొచ్చు. మనం ఆడవాళ్లం నెలసరి నొప్పిని నొప్పిగా లెక్కపెట్టం, డాక్టర్‌కు కూడా చెప్పం. నువ్వు చెప్పు. రాసేది రోజుకు ఒక్కసారే, రాత్రి భోజనం తర్వాత. రోజంతా కడుపు నొక్కి నొక్కి చూసుకోకు, నొక్కిన చోటల్లా నొప్పి పుడుతుంది.

తిండి విషయంలో అన్నీ ఒకేసారి మానేసి చిక్కిపోకు. కారం, పులుసు కాస్త తగ్గించు, పొద్దున్నే ఖాళీ కడుపున చాయ్ మానెయ్యి. పాలు తాగితే ఉబ్బరమైతే రెండు వారాలు ఆపి చూడు, సల్ల చాలామందికి పడుతుంది. ఉల్లిగడ్డ, శనగపప్పు, గోధుమ రొట్టె కూడా కొందరికి గ్యాస్ చేస్తాయి. ఒక్కొక్కటే ఆపి నోటుబుక్‌లో చూడు. మన జిల్లాలో ఏ నొప్పికైనా ఫ్లోరైడ్ నీళ్లను అంటాం. బోరు నీళ్లు తాగుతుంటే ఆ సంగతీ డాక్టర్ చెవిన వెయ్యి, కానీ దాని మీదికి తోసేసి పరీక్ష మానుకోకు.

మీ నాయనమ్మ "ఎవరో మందు పెట్టారు, కక్కిస్తే పోతుంది" అంటోందని విన్నాను. ఆమె ప్రేమతోనే అంటోంది, ఎదురు మాట్లాడకు. కానీ ఆ పసరు మాత్రం తాగకు. బలవంతంగా కక్కిస్తే అన్నవాహిక చీలి రక్తం పడ్డవాళ్లున్నారు. కడుపు తోమించుకోవడం కూడా వద్దు. నేనే వచ్చి ఆమెతో మాట్లాడతాను.

ఎండోస్కోపీ కూడా నార్మల్ వస్తే? అప్పుడు ఇంకో టెస్టు, ఇంకో ఊరి డాక్టర్ అని తిరగొద్దు. కొత్త లక్షణం వస్తే తప్ప వెతుకులాట ఆపేసి, నొప్పికే వైద్యం చేయమని అదే డాక్టర్‌ను అడుగు. అమిట్రిప్టిలిన్ అనే గోలీ చిన్న డోసులో, రాత్రి పూట రాయవచ్చు. షాపులో దాన్ని చూసి "ఇది డిప్రెషన్ మందు కదా" అంటారు. బెదరకు, ఆ చిన్న డోసు పేగు నరాల నొప్పి తగ్గించడానికి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానేయొద్దు. రాత్రి గుండె దడ పుట్టి ఫోన్ తెరవాలనిపిస్తే, చెయ్యి బొడ్డు మీద పెట్టి నాలుగు లెక్కపెట్టే దాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టే దాకా వదులు. అట్లా పది నిమిషాలు. అప్పటికీ ఆగకపోతే 14416 కి ఫోన్ చెయ్యి. సర్కారు వాళ్ల టెలీమానస్ అది, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఖర్చు గురించి నువ్వు పైకి అనవు కానీ అదీ ఒక భయమేనని తెలుసు. రక్తపరీక్షలు సర్కారు దవాఖానలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితం, పీహెచ్‌సీలో రక్తం ఇస్తే రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. పెద్ద డాక్టర్ కావాలంటే హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి. ఒకవేళ ఆపరేషన్ దాకా వస్తే ఆరోగ్యశ్రీ ఉంది. 2007 లో మన పక్క మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాల్లో మొదలైన పథకమే, ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా ఇస్తున్నారు.

స్కూలుకు సెలవు పెట్టి వచ్చే సోమవారం రా. ఇప్పటిదాకా తీసిన స్కాన్లు, రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టు, మింగిన నొప్పి గోలీల ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకురా. ఆధార్, రేషన్ కార్డు మర్చిపోకు. ఆదివారం సాయంత్రమే బయల్దేరి మా ఇంట్లో పడుకుంటే పొద్దున ఖాళీ కడుపుతో బస్సులో ఊగే పని ఉండదు. నేను నీతో పాటే వస్తాను, గది బయటే కూర్చుంటాను. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు నోటుబుక్ చివరి పేజీలో రాసుకుని రా, నువ్వు మర్చిపోతే నేను అడుగుతాను.

మీ పెద్దమ్మ