పెరుగు ఎర్రబడితే తప్పెవరిది?

(ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ పరీక్షల గోలే. జవాబులిస్తున్నది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు 30 ఏళ్లు మైక్రోబయాలజీ చెప్పి రిటైరైన టీచరు.)

ప్ర: మేడమ్, నేను నర్సింగ్ చదువుతున్నాను. వైరస్, ఫంగస్, బ్యాక్టీరియా, పరాన్నజీవులు దేనికది చదివితే వస్తున్నాయి. పేపర్లో కలిపి అడిగేసరికి ఏది ఏ గంపలోదో తెలియట్లేదు. ఇంకా 3 వారాలే టైముంది. (నంద్యాల నుంచి ఒక విద్యార్థిని)

జ: నువ్వు అనే రాస్తాను తల్లీ, క్లాసులో పడిన అలవాటు. మన ఇళ్లలో అన్నిటికీ ఒకటే పేరు, పురుగు. పన్ను పుచ్చినా పురుగే, కడుపు నొచ్చినా పురుగే, ఒళ్లు దురద పెట్టినా పురుగే. నీ చిక్కు అక్కడే మొదలైంది.

పుస్తకం మూసెయ్. మీ అమ్మమ్మకు తెలిసిన జబ్బుల పేర్లు ఒక కాగితం మీద రాయి: గజ్జి, తామర, ఆటలమ్మ, తట్టు, గవదబిళ్లలు, కోరింత దగ్గు, ధనుర్వాతం, బోదకాలు, ఏలికపాములు. ఒక్కోదాని పక్కన దాన్ని తెచ్చేదెవరో రాసుకుంటూ పో. గజ్జి, తామర అని మనం జంటగా అనేస్తాం గానీ రెండింటికీ చుట్టరికమే లేదు. గజ్జి తెచ్చేది చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టే సార్కాప్టిస్ అనే ఎనిమిది కాళ్ల జీవి. తామర ఫంగస్. ఇంగ్లీషువాళ్లు దానికి రింగ్‌వర్మ్ అని పేరు పెట్టి మన పిల్లల మార్కులు తీశారు. ఆ పేరు చూసి దాన్ని పరాన్నజీవుల్లో రాసినవాళ్లు నా దగ్గరే ఏటా ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు.

తామర దగ్గరే వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఇంకో మెలిక పెడతారు: మచ్చలో ఎక్కడ గీకాలి? అంచున. మధ్యలో మానుతూ ఉంటుంది, ఫంగస్ అంచు వెంట బయటికి పాకుతుంటుంది. ఆ పొట్టును 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్కలో వేసి కాసేపు ఆగితే చర్మపు కణాలు కరిగి తేటపడతాయి, ఫంగస్ దారాలు కనిపిస్తాయి.

ఇక అమ్మవారు. మశూచికీ, ఆటలమ్మకూ పల్లెల్లో అదే పేరు. మశూచిది పాక్స్ వైరస్, ఆటలమ్మది హెర్పిస్ కుటుంబం. మశూచి బొబ్బలు ముఖం, చేతులు, కాళ్ల మీద దట్టంగా వచ్చేవి. ఆటలమ్మ పొట్ట మీదా వీపు మీదా ఎక్కువ. మశూచి లోకంలో లేదని 1980లో ప్రకటించారు. ప్రశ్నపత్రంలో మాత్రం ఇంకా ఉంది, ఎందుకంటే డీఎన్ఏ వైరస్‌లు మామూలుగా కణకేంద్రకంలో పెరుగుతాయి, పాక్స్ మాత్రం కేంద్రకం బయట, కణంలోని జిగురు పదార్థమైన సైటోప్లాజంలో కాపురం పెడుతుంది. ఆర్ఎన్ఏ వైరస్‌లలో దీనికి ఎదురు నడిచేది ఇన్‌ఫ్లుయెంజా, అది కేంద్రకంలోకి దూరుతుంది. హెపటైటిస్‌లు ఏ నుంచి ఈ దాకా ఐదుంటే బి ఒక్కటే డీఎన్ఏ. వైరస్‌లలో ఈ మూడూ పట్టుకుంటే ఒకటి రెండు మార్కుల ప్రశ్నలకు భయపడక్కర్లేదు.

ప్ర: గ్రామ్ స్టెయిన్ ఎన్నిసార్లు చేసినా నా స్లైడు మొత్తం ఎర్రగానే వస్తోంది. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. (ఖమ్మం నుంచి డీఎంఎల్‌టీ విద్యార్థి)

జ: బాబూ, బ్యాక్టీరియాను ఊదా, ఎరుపు జట్లుగా విడదీసే రంగుల పరీక్ష ఇది. నీ చెయ్యి రంగు కడిగే ఆల్కహాల్ దగ్గర బరువుగా ఉంది. ఊదారంగు క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయొడిన్ ఒక నిమిషం, ఇవి కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. ఆల్కహాల్ దగ్గర మాత్రం సెకన్ల లెక్కే. స్లైడును ఏటవాలుగా పట్టుకుని చుక్క చుక్కగా వదులు. కారే చుక్కలో ఊదారంగు ఆగిన క్షణమే నీళ్లు పొయ్యి. గ్రామ్ పాజిటివ్, అంటే ఊదాగానే మిగిలేవాటికి గోడ మందం కాబట్టి రంగు పట్టి ఉంచుతుంది. అంత మాత్రాన గంటసేపు కడిగితే ఏ గోడ ఆపుతుంది? ఆ తర్వాత పోసే ఎర్రరంగు సాఫ్రనిన్ అన్నిటినీ ఎర్రగా చేసేస్తుంది. కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) పాతదైనా ఇదే గతి, 18 నుంచి 24 గంటల వయసున్నదే తీసుకో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చీము స్లైడు మీద ఆల్కహాల్ పోసి, ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్లొచ్చాను. మైక్రోస్కోపులో ఎర్రటి ద్రాక్షగుత్తులు! గ్రామ్ నెగెటివ్, అంటే ఎర్రబడే జట్టు అని రాసేశాను. మా సీనియరమ్మ కాగితం చూసి ఏమీ అనలేదు. క్యాంటీన్ నుంచి గిన్నెడు పెరుగు తెప్పించి, పైన తేరిన నీళ్లలో ఒక లూపు తీసి ఇంకో స్లైడు మీద పూసి, ‘మళ్లీ చెయ్యి’ అన్నారు. మొదటిసారి అదీ ఎర్రగానే వచ్చింది. పెరుగు తోడుపెట్టే లాక్టోబాసిలస్ ఊదాగా రావాల్సిన కడ్డీ. ఎర్రబడిందంటే తప్పు పెరుగుది కాదు కదా! మూడోసారికి ఊదా వచ్చింది. అప్పుడు ఆ చీము స్లైడు కొత్తగా వేస్తే గుత్తులన్నీ ఊదాయే, స్టెఫలోకాకస్.

నువ్వూ పెరుగుతోనే చెయ్యి సాధన చెయ్యి. ఇంకో గుర్తు చెప్తా. గ్రామ్ నెగెటివ్ గుండ్రటివాటిలో నిన్ను అడిగేది నైసీరియా, అది చిక్కుడు గింజల్లా జంటగా ఉంటుంది. ఎర్రటి గుత్తులు కనిపిస్తే రిపోర్టు రాసే ముందు నీ చేతిని అనుమానించు.

ప్ర: బోదకాలుకు రక్తం రాత్రిపూటే తీయాలంటారు, ఎందుకండీ? (అమలాపురం నుంచి ఒక పాఠకుడు, ఆరోగ్య కార్యకర్త శిక్షణలో)

జ: బోదకాలు తెచ్చే పెద్ద పురుగులు లింఫ్ నాళాల్లో కదలకుండా ఉంటాయి. వాటి పిల్లలు మైక్రోఫైలేరియాలు పగలంతా ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మోసుకెళ్లే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. ఒకసారి రాత్రి సర్వేకు వెళ్లినప్పుడు కుక్కలు వెంటపడ్డాయి. ఒక ముసలాయన ‘పగలు మనుషులు లేరా, దొంగల్లా రాత్రి వచ్చి నెత్తురు అడుగుతారేంటి?’ అని తలుపేసుకున్నాడు. లాంతరు వెలుగులో ఆయన మనవడి వేలి నుంచి తీసిన చుక్కను తడిగానే మైక్రోస్కోపు కింద పెట్టి ఆయన్నే చూడమన్నాను. పాములా మెలికలు తిరుగుతూ ఎర్ర కణాలను తోస్తోంది. మారు మాట్లాడకుండా వేలు చాపాడు.

పరీక్షలో వుకరేరియా (ఈ బోదకాలు పురుగు) పిల్ల బొమ్మకు ఒంటి మీద తొడుగు వెయ్యి, తోక చివర చుక్కలు పెట్టకు. రెండు చుక్కలు పెట్టావంటే అది బ్రూజియా మలయీ అనే ఇంకో బోదకాలు పురుగు అయిపోతుంది. మందు డీఈసీ (డైఈథైల్ కార్బమజీన్). దాన్ని తెచ్చింది అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం, ఆ మాట రాస్తే దిద్దేవాళ్లకీ ముచ్చటేస్తుంది. దోమల పేర్లు తారుమారు చెయ్యకు. మలేరియాకు అనాఫిలిస్. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూసింది దాని కడుపులోనే, అదీ మన సికింద్రాబాదులో.

ప్ర: బ్లాక్ ఫంగస్ నిజంగా నల్లగా ఉంటుందా? (పేరు రాయలేదు)

జ: ఉండదు. 2021లో అందరి నోటా నానిన పేరది. ఆ ఫంగస్ రక్తనాళాల్లోకి దూరి దారి మూసేస్తే చచ్చిన కండ నల్లబడుతుంది. మైక్రోస్కోపులో ఈ మ్యూకర్ దారాలు వెడల్పుగా, అడ్డగోడలు దాదాపు లేకుండా, 90 డిగ్రీల్లో చీలే కొమ్మలతో ఉంటాయి. ఆస్పర్జిల్లస్ అనే ఇంకో ఫంగస్‌వి సన్నం, అడ్డగోడలుంటాయి, కొమ్మలు పంగలకర్రలా 45 డిగ్రీల్లో చీలతాయి. రెండు బొమ్మలూ పక్కపక్కనే వెయ్యి, పెన్సిలు బాగా చెక్కుకుని వెళ్లు.